రిలే సరే, ముందు ఎర్త్ చూసుకోండి

చిన్న ట్రక్కుకి బెల్టు ఫ్యాన్ తీసేసి కారు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాను, డాష్‌బోర్డు స్విచ్చి నుంచి నేరుగా వైరు లాగితే సరిపోతుందా, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి) కావాలా అని మీరు అడిగారు.

కావాలండీ. ఫ్యాన్ తిరిగేటప్పుడే పది పదిహేను ఆంపియర్లు లాగుతుంది, స్టార్టయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. లైటు స్విచ్చి మీద ఆ భారం వేస్తే నాలుగు రోజుల్లో కరిగి వాసనొస్తుంది. అయితే రిలే, ఫ్యూజు అన్నీ ఉన్న నా బండే నడి వంతెన మీద ఉడికిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

మే నెల. అంబాజీపేటలో కొబ్బరికాయల లోడు ఎత్తుకుని పాలకొల్లు బయల్దేరాను. దిండి దాకా ఇంజిన్ వేడి చూపే ముల్లు మధ్యలోనే ఉంది. చించినాడ వంతెన మీద ముందెక్కడో లారీ చెడిపోయి బళ్లన్నీ ఆగిపోయాయి. బండి నడిచినంతసేపూ ఎదురుగాలే రేడియేటర్‌ని కాపాడింది, ఆగాక ఫ్యాన్‌దే పని. ముల్లు ఎర్రగీత మీదకి వెళ్లిపోయింది. విచిత్రం ఏంటంటే ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, లో వోల్టేజీలో సీలింగ్ ఫ్యాన్ తిరిగినట్టు. కింద వశిష్ఠ గోదావరి నిండా నీళ్లే గానీ అక్కడ వేసవిలో అవి ఉప్పు, రేడియేటర్లో పోసేవి కావు.

ఇంజిన్ ఆపుకుంటూ, నడుపుకుంటూ ఎలాగో అవతల ఒడ్డుకి చేరాను. రోడ్డు పక్క షెడ్డులో అరవై దాటిన ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. "రిలే పోయినట్టుంది బాబాయ్" అన్నాను. ఆయన రిలే ముట్టుకోనే లేదు. ఫ్యాన్ తిరుగుతుండగా మీటర్ పెట్టాడు. బ్యాటరీ దగ్గర 12.1, ఫ్యాన్ ప్లగ్గు దగ్గర 9 చిల్లర. తర్వాత ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఫ్యాన్ నల్ల వైరు మీద పెట్టాడు. దాదాపు 3 వోల్టులు! "ఇక్కడ ఇంచుమించు సున్నా రావాలి కదరా అబ్బాయ్" అన్నాడు. మైనస్ నుంచి విడిగా ఒక వైరు తెచ్చి ఫ్యాన్‌కి తగిలించగానే ఫ్యాన్ హోరుమంది.

ఎర్త్ అంటే కరెంటు ఛాసిస్ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్లే దారి. ఛాసిస్‌కి బిగించిన ఎర్త్ బోల్టు విప్పితే లగ్గు (వైరు కొసన ఉండే రింగు) కింద పచ్చగా చిలుం, దాని కింద పెయింటు. "ఎవడో పెయింటు గీకకుండానే బిగించేశాడు" అని తిట్టాడు. ఆ ఎవడో నేనేనని చెప్పలేదు. డబ్బులు వద్దని నాలుగు కాయలు దింపించుకున్నాడు.

మన కోనసీమ గాలికే ఇనుము నిలవదు. దానికి తోడు రొయ్యల లోడు బళ్లు ఐసు నీళ్లు రోడ్డంతా కార్చుకుంటూ పోతాయి, వెనక వెళ్లేవాళ్ల ఛాసిస్ ఏమైపోయినా వాళ్లకి పట్టదు. కాబట్టి ఛాసిస్‌ని నమ్మకండి. ఫ్యాన్ నల్ల వైరుని ప్లస్ వైరంత లావుదే, 4 చదరపు మిల్లీమీటర్లది, తిన్నగా బ్యాటరీ మైనస్‌కి లాగండి. లగ్గు మీద కాస్త గ్రీజు పూయండి.

మిగతాది తేలికే. బ్యాటరీ ప్లస్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా రిలే మీద 30 అని రాసున్న కాలికి, 87 అని ఉన్న కాలి నుంచి ఫ్యాన్‌కి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. 86కి తాళం తిప్పితే వచ్చే కరెంటు, 85 నుంచి టెంపరేచర్ స్విచ్చి (ఇంజిన్ వేడెక్కితే దానంతటదే కలిసేది) మీదుగా ఎర్త్‌కి. రిలే కాళ్లు కిందికి ఉండేలా బిగిస్తే నీళ్లు దిగవు. దయచేసి అన్నిటికీ ఎర్ర వైరే వాడకండి, రేపు విప్పేవాడు మీకు శాపాలు పెడతాడు.

ఇంకోటి. "మన ఎండలకి ఇదెందుకండీ" అంటూ థర్మోస్టాట్ వాల్వు (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వనిది) పీకేసే మెకానిక్కులున్నారు. పీకనివ్వకండి. ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కక డీజిల్ తాగుతుంది.

బిగించాక రేడియేటర్ ముందు ఒక పేపరు ముక్క పెట్టి చూడండి. జాలీకి అతుక్కుంటే సరే, ఎగిరిపోతే ప్లస్ మైనస్ తిరగేశారన్నమాట. బండి ఎన్ని వోల్టులదో రాయలేదు మీరు. 24 అయితే ఆ కారు ఫ్యాన్ పెట్టకండి, కాలిపోతుంది.