బోరు నీళ్లు కాచి తాగితే సరిపోదా?

ప్రశ్న: ఆస్ట్రేలియా ఎడారిలోని అబొరిజినల్ (అక్కడి ఆదివాసుల) పల్లెల్లో బోర్లున్నా తాగేందుకు నీళ్లు పనికిరావట. కాచి తాగొచ్చుగా? లేదా ఆర్వో ప్లాంటు పెట్టొచ్చుగా?

జవాబు: కాచితే చచ్చేది సూక్ష్మజీవులే. అక్కడి బోర్లలో తంటా అంతా కరిగి ఉన్న నైట్రేటు, యురేనియం, ఫ్లోరైడులతో. పది లీటర్లు కాచి ఎనిమిది చేశామంటే, లీటరుకు 50 మిల్లీగ్రాములున్న నైట్రేటు 62 దాటుతుంది. ఆ దేశపు మార్గదర్శకాల్లో మూడు నెలల లోపు పసికందులకు హద్దు ఆ 50యే, పెద్దలకు 100. హద్దు మీరిన నీళ్లతో పాలపొడి కలిపి పడితే రక్తం ప్రాణవాయువును మోయలేక బిడ్డ ఒళ్లు నీలమెక్కుతుంది. ఎరువు చల్లని ఎడారిలో నైట్రేటు ఎక్కడిదంటారా? చాలావరకు చెదపుట్టలదీ, నేల పైపొరలో నత్రజనిని పట్టి ఉంచే జీవులదీ.

అందుకే ముందు పరీక్ష. పంపు వేయగానే సీసా పట్టకండి. బోరు గొట్టంలో నిలవున్న నీటికి మూడింతలు తోడాకే పట్టాలి. 150 మిల్లీమీటర్ల గొట్టంలో 40 మీటర్ల నీరుంటే సుమారు 700 లీటర్లు, అంటే 2,100 లీటర్లు పారబోయాలి.

ఆర్వో నైట్రేటు, యురేనియం, ఫ్లోరైడు మూడింటినీ బాగానే తగ్గిస్తుంది. అయితే సున్నం, సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) ఎక్కువున్న నీళ్లలో దాని వడపోత పొరలు త్వరగా పూడిపోతాయి. ఆ పొరలకు ముందుండే ఫిల్టరు మార్చకపోయినా, సున్నం పేరుకోకుండా వేసే మందు అయిపోయినా, బాగుచేసే మనిషి వందల కిలోమీటర్ల అవతలి నుంచి రావాలి. పైగా పోసిన నీటిలో పావు నుంచి సగం దాకా ఉప్పునీరై బయటికి పోతుంది. దాన్ని ఆవిరి చేసే మడుగూ తవ్వాలి. ఊరి నీళ్లన్నీ ఆర్వోకి పెట్టడం దండగ. తాగడానికి, వంటకు మనిషికి 10 లీటర్ల లెక్కన 200 మందికి రోజుకు 2,000 లీటర్లు చాలు. దానికి వేరే కుళాయి పెట్టండి. యురేనియం ఒక్కటే బెడదైతే అయాన్లను మార్చే రెసిన్ (నీటిలోని యురేనియాన్ని తనలోకి పట్టుకునే గుళికలు) నయం. ఆస్ట్రేలియా నడిమధ్య ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి వాయవ్యాన ఉన్న లరంబా పల్లెలో 2023లో అదే పెట్టారు. కాకపోతే వాడేసిన రెసిన్‌లో యురేనియం ఉంటుంది, ఎక్కడపడితే అక్కడ పారేయడానికి లేదు.

ప్రశ్న: వాన నీళ్లు పట్టుకుంటే?

జవాబు: ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఏడాదికి సగటున 280 మిల్లీమీటర్ల వాన. 100 చదరపు మీటర్ల కప్పు మీద, ఐదోవంతు వృథా తీసేస్తే, సుమారు 22,400 లీటర్లు. కాని అది నాలుగైదు జడివానల్లోనే పడిపోవచ్చు, ఒక్కో ఏడు సగం కూడా రాదు. మొదటి మిల్లీమీటరు దుమ్మూ పిట్టల రెట్టా కడిగి తెస్తుంది, దాన్ని పక్కకు మళ్లించాలి. అనుమానముంటే 1,000 లీటర్లకు 12.5 శాతం ద్రవ క్లోరిన్ 40 మిల్లీలీటర్లు కలిపి, ఒక రోజు ఆగి తాగండి. ఎండలో నెలల తరబడి పెట్టిన క్లోరిన్ డబ్బాలో ఆ ఘాటు మిగలదు, కొలత చూసి పోసినా పని చేయదు.