షోరూంలో 15 అన్నారు, బండి 8 ఇస్తోంది: మైలేజీ మీద కన్జ్యూమర్ కేసు నిలబడుతుందా?

ప్రశ్న: నమస్తే వకీల్ సాబ్. మాది జమ్మికుంట, ఎరువుల షాపు ఉంది. పోయిన దసరాకి హైదరాబాద్‌ల పెట్రోల్ ఆటోమేటిక్ ఫోర్ బై ఫోర్ ఎస్‌యూవీ తీసుకున్న, అన్నీ కలిపి 19 లక్షలు అయింది. సేల్స్ అబ్బాయి 15 మైలేజీ గ్యారంటీ సార్ అన్నడు. ఊర్ల తిరిగితే 8, హైదరాబాద్ పోయొస్తే 11 దాటుతలేదు. సర్వీస్ సెంటర్ల బండికేం కాలేదు, ఈ20 పెట్రోల్ అట్లనే ఉంటది అంటున్నరు. కొన్న నెలకే పెద్ద టైర్లు వేయించిన, పైన క్యారియర్, ముందట ఇనుప బంపర్ పెట్టించిన. బిల్లు షాపు పేరు మీద ఉంది. వాళ్ల మీద చీటింగ్ కేసు పెట్టొచ్చా? బండి వాపస్ ఇచ్చి పైసలు తీసుకోవచ్చా?

జవాబు: నమస్తే అన్నా. చీటింగ్ మాట ముందు పక్కన పెట్టేయండి. పాత 420 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318 అయింది, నంబర్ మారింది గానీ రుజువు చేయాల్సింది అదే, అమ్మేటప్పుడే మోసం చేయాలనే ఉద్దేశం ఉందని చూపించాలి. 15 అన్నాడు 8 వచ్చింది అంటే ఎస్సై గారు నవ్వి కన్జ్యూమర్ ఫోరంకి పొమ్మంటారు, ఆయన చెప్పేది కరెక్టే కూడా.

ఇక బ్రోచర్లో ఉండే ఏఆర్ఏఐ మైలేజీ, అంటే బండ్లని పరీక్షించే ఏఆర్ఏఐ అనే సంస్థ సర్టిఫై చేసిన నంబర్. అది మీ రోడ్డు మీద తీసిన లెక్క కాదు. బండిని ల్యాబ్‌లో రోలర్ల మీద పెట్టి, ఏసీ ఆఫ్ చేసి, 1180 సెకన్లు అంటే ఇరవై నిమిషాలు కూడా నిండకుండా ఒక పద్ధతి ప్రకారం నడుపుతారు, అందులో టాప్ స్పీడ్ గంటకి 90 మాత్రమే. మీరేమో పొద్దున ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి షాపుకి, అక్కడి నుంచి గోడౌన్‌కి, పత్తి సీజన్లో మార్కెట్ యార్డు ముందు ట్రాక్టర్ల మధ్య ఏసీ ఫుల్లుగా పెట్టుకుని నిలబడతారు. పైగా ఈ బండ్లు ల్యాడర్ ఫ్రేమ్ మీద, అంటే లారీలకుండేలాంటి నిచ్చెన ఆకారపు ఇనుప చట్రం మీద కట్టినవి, బరువెక్కువ, ముందు భాగం గోడలా నిటారుగా ఉంటది, ఫోర్ బై ఫోర్ గేర్ వాడినా వాడకపోయినా దాని బరువు మోయాల్సిందే. హైవేలో వంద దాటిస్తే గాలికే సగం పెట్రోల్ పోతున్నట్టు ఉంటది. కాబట్టి బ్రోచర్ నంబర్ రాలేదు అనే ఒక్క ముక్క మీద కేసు వేస్తే, కంపెనీ లాయరు ఆ నంబర్ పక్కన ఉన్న చుక్క గుర్తు, కింద చీమ తలకాయంత అక్షరాలు చూపించి బయటపడతాడు.

మీకు బలం ఉంటే గింటే ఆ "గ్యారంటీ" మాటలో ఉంది. నోటితో అన్నాడా, వాట్సాప్‌లో పెట్టాడా, కొటేషన్ మీద పెన్నుతో రాసిచ్చాడా? నేను ముందు అడిగేది ఇదే. రాతలో ఉంటే కన్జ్యూమర్ ప్రొటెక్షన్ యాక్ట్ 2019లో 2(28) తప్పుదోవ పట్టించే ప్రకటన, 2(47) అనుచిత వ్యాపార పద్ధతి, ఈ రెండూ వాడుకోవచ్చు. నోటి మాటే అయితే ఆ అబ్బాయి ఇవాళ ఆ షోరూంలో ఉన్నాడో లేడో కూడా తెలీదు.

కేరళలో త్రిస్సూర్ జిల్లా కన్జ్యూమర్ కమిషన్ (పాత ఫోరంకి ఇప్పటి పేరు) 2022లో ఇచ్చిన ఆర్డర్ చూడండి. ఫోర్డ్ క్లాసిక్ డీజిల్ కొన్నావిడ ప్రకటనలో లీటరుకి 32 అని ఉంది, నాకు అంత రావట్లేదని వెళ్లింది. కమిషన్ ఒక ఎక్స్‌పర్ట్‌ని పెట్టి టెస్ట్ చేయిస్తే 19.6 వచ్చింది, అన్నీ కలిపి 3 లక్షల 10 వేలు ఇమ్మన్నారు. కారు వాపస్ తీసుకోమనలేదు, గమనించండి. ఆవిడ చేతిలో ప్రకటన కాపీ ఉంది, మూడో మనిషి తీసిన లెక్క ఉంది. మీ దగ్గర ఈ రెండూ ప్రస్తుతానికి లేవు.

అసలు చిక్కు మీరు చివర్లో మెల్లగా చెప్పిన టైర్లది. పెద్ద టైరు బరువెక్కువ, రోడ్డుని ఎక్కువ పట్టుకుంటది, మైలేజీ తగ్గుతది, ఇది అందరికీ తెలిసిందే. చాలామందికి తట్టనిది ఇంకోటుంది. టైరు చుట్టుకొలత 5 శాతం పెరిగితే మీటర్లో కిలోమీటర్లు దాదాపు 5 శాతం తక్కువ పడతాయి, అంటే మీరు నిజంగా 105 తిరిగితే మీటరు 100 అంటది. మీరు లెక్కేసుకున్న 8 కూడా అసలు 8 కాదన్నమాట. ఇది అవతలి లాయరు మొదటి వాయిదాలోనే పట్టుకుంటాడు.

దాంతో ఆగదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. ఆ ఇనుప బంపర్ల మీద 2017 డిసెంబర్లోనే కేంద్ర రవాణా శాఖ చర్య తీసుకోమని రాష్ట్రాలకి లెటర్ రాసింది. అదే చట్టం సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5 వేల ఫైన్ లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మీరే కోర్టుకి పోయి, బండి ఫోటోలు ఫైల్లో పెట్టి, ఇదిగో నా బంపర్ అని చూపించడం ఎందుకు చెప్పండి. క్యారియర్, బంపర్ తీసేసి, పాత టైర్లు అమ్మేయకపోయి ఉంటే అవే మళ్లీ ఎక్కించండి.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ గురించి సర్వీస్ సెంటర్ వాళ్లన్నదాంట్లో కొంత నిజం ఉంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా తక్కువ. అయితే 2021 నీతి ఆయోగ్ రిపోర్టులో కూడా పాత తరం నాలుగు చక్రాల బండ్లకి 6, 7 శాతం తగ్గొచ్చు అన్నారు, కొత్త బండ్లకి అంతకన్నా తక్కువే. 15 మీద 7 శాతం పోతే 14 రావాలి, 8 రాదు కదా. ఇథనాల్ కలపని పెట్రోల్ కూడా బంకుల్లో ఉంచమని వేసిన పిల్‌ని (ప్రజాప్రయోజన వ్యాజ్యం) సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్లో కొట్టేసింది కాబట్టి ఆ దారిలో పోవద్దు.

బిల్లు షాపు పేరు మీద ఉంది కాబట్టి మీరు వినియోగదారుడే కాదు, వ్యాపారానికి కొన్నారు అని అవతలి వాళ్లు అంటారు, ఖాయంగా అంటారు. భయపడాల్సిన పని లేదు. ఢిల్లీ కంపెనీ ఒకటి డైరెక్టర్ సొంత వాడకానికి కొన్న బెంజ్ కారు కేసులో, కంపెనీ డబ్బుతో కొన్నంత మాత్రాన వ్యాపారం కోసం కొన్నట్టు కాదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మీరు అదే బండిలో యూరియా బస్తాలు వేసి రైతులకి డెలివరీ చేస్తే మాత్రం నేను ఆ తీర్పు చూపించలేను.

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. కంపెనీ ఇచ్చిన పాత టైర్లు వేశాక ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ఫుల్ ట్యాంక్ కొట్టించండి, ఆటో కట్ అయిందంటే ఆపేయండి, ఇంకొంచెం పొయ్యమనకండి. మీటర్ ఫోటో, బిల్లు పక్కపక్కన పెట్టి తీయండి, ఫుల్ నుంచి ఫుల్‌కి నెల పాటు రాసుకోండి. డిస్‌ప్లేలో చూపించే యావరేజీ ఎవరూ నమ్మరు. వాట్సాప్ చాట్ ఉంటే ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచండి, ఫోన్ మార్చకండి, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఇచ్చే ఎలక్ట్రానిక్ సాక్ష్యం సర్టిఫికెట్ దానికి జత చేయాలి.

లెక్క తీశాక 12, 13 వస్తే ఇక్కడితో వదిలేయండి, లాయర్ ఫీజు దండగ. 9, 10 దగ్గరే ఆగిపోయి, చేతిలో ఆ గ్యారంటీ రాత ఉంటే అప్పుడు డీలర్‌కి, కంపెనీకి ఇద్దరికీ నోటీసు స్పీడ్ పోస్టులో, పదిహేను రోజుల గడువుతో. షోరూం హైదరాబాద్‌లో ఉన్నా మీరు ఉండేది కరీంనగర్ జిల్లా కాబట్టి కరీంనగర్ కమిషన్లోనే వేసుకోవచ్చు, కట్టిన ధర 10 నుంచి 20 లక్షల మధ్య కాబట్టి ఫీజు 400 రూపాయలే. కొన్న దగ్గర నుంచి రెండేళ్ల లోపు వేయాలి. నోటీసు కన్నా ముందు నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి, ఒక్కోసారి అక్కడే డీలర్ దిగొస్తాడు.

డబ్బు వాపస్ మీద ఆశ పెట్టుకోవద్దు, తయారీ లోపం ల్యాబ్ టెస్టులో తేలితే తప్ప ఇవ్వరు. అడగాల్సింది తేడా. నెలకి 1200 కిలోమీటర్లు తిరిగితే 15 లెక్కన 80 లీటర్లు, 10 లెక్కన 120. ఆ 40 లీటర్లకి మీ బంకు రేటు వేసి, కొన్న నెల నుంచి కూడితే వచ్చేది ఒక అంకె, దాని మీద మానసిక వేదన, ఖర్చులు వేరే. ఆ లెక్క కాగితం, కొటేషన్, ఇన్వాయిస్, సర్వీస్ జాబ్ కార్డులు పట్టుకుని మీ దగ్గర్లోని లాయర్‌ని కలవండి.