వెదురు గొట్టంలో రోజువారీ చిల్లర

ప్రశ్న: తైవాన్‌లో ఒక బౌద్ధ సన్యాసిని చిల్లర పోగేసి ఆసుపత్రి కట్టించారని మా డ్వాక్రా గ్రూపులో ఎవరో చెప్పారు. నిజమేనా అండీ?
– ఒక పాఠకురాలు, మామిడికుదురు

జవాబు: చాలావరకు నిజమేనమ్మా. ఆవిడ పేరు చెంగ్ యెన్, 1937లో పుట్టారు. 1966లో తైవాన్ తూర్పు తీరంలోని హువాలియెన్‌లో త్సు చీ అనే సేవా సంస్థ మొదలుపెట్టారు. తోటి సన్యాసినులు పసిపిల్లల బూట్లు కుట్టి అమ్మేవారు. 30 మంది గృహిణులు రోజూ బజారుకెళ్లే ముందు వెదురు గొట్టంలో అర డాలరు (వాళ్ల తైవాన్ డాలరే లెండి) వేసేవారు. ‘నెలకోసారి పదిహేను డాలర్లు ఇచ్చేస్తే పోలా?’ అని ఒకామె అడిగితే ఆవిడ ఒప్పుకోలేదు. ఇచ్చే ఆలోచన రోజూ కలగాలన్నది ఆవిడ పట్టు. మన అమ్మమ్మలు ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి పక్కన పెట్టేవారు చూడండి, అదే లెక్క.

ఆసుపత్రి 1986లో తెరిచారు. అయితే ఒక్క చిల్లరతోనే లేచిందనుకోకండి, అప్పటికి దాతలు బాగా పెరిగారు. 1991లో మెగసెసె అవార్డూ వచ్చింది. నాకు నచ్చింది మాత్రం వేరే: విరాళాల సొమ్ము సన్యాసినులు తమ తిండికి వాడుకోరు, సొంత కష్టంతోనే బతుకుతారు.

మీ గ్రూపులో కూడా డబ్బా పెట్టాలనుకుంటే తాళం ఒకరి దగ్గర, లెక్కల పుస్తకం ఇంకొకరి దగ్గర ఉంచండి.