పాఠకుల ప్రశ్నలు: చిలక ముడుచుకుని కూర్చుంటే

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు పెంపుడు చిలకల జబ్బుల గురించి పంపిన ప్రశ్నలకు పక్షి వైద్యం తెలిసినవారు ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: లవ్ బర్డ్స్ అని అమ్మితే నాలుగు బడ్జీలు కొన్నాం. ఒకటి నిన్నటి నుంచి ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుంటోంది. పగలే కళ్లు మూసేస్తోంది. గింజలు కొరుకుతూనే ఉంది గానీ రెట్ట కొంచెం కొంచెంగా, ముదురాకుపచ్చగా పడుతోంది. పిట్టలు అమ్మే ఆయన పసుపు రంగు మందు పొడి ఒకటి ఇచ్చి నీళ్లలో కలపమన్నాడు. కలపమంటారా?
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: వద్దండి. అలా ఇచ్చే పసుపు పొడి ఎక్కువగా టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్ అయి ఉంటుంది. నలతగా ఉన్న పిట్ట తాగేదే నాలుగు చుక్కలు, మందు చేదుకు అవీ మానేస్తుంది. చివరికి బాగున్న మూడింటికీ మందు పడుతుంది, జబ్బుదానికి పడదు. జబ్బు ఈస్టు వల్ల వచ్చిందైతే ఈ మందుతో మరింత ముదురుతుంది కూడా.

చిలక జాతి పక్షులు జబ్బును దాచుకుంటాయి. నీరసంగా కనిపించినదాని మీదే డేగ పడుతుంది కాబట్టి, ఓపిక ఉన్నంతవరకు మామూలుగానే తిరుగుతాయి. మీ పిట్ట అడుగుకు దిగిందంటే ఆ ఓపిక అయిపోయిందన్నమాట. జబ్బు నిన్న మొదలైంది కాదు. రేపు చూద్దాంలే అనుకునే వ్యవధి లేదు.

ముందు వెచ్చదనం చూడండి. జబ్బు పిట్టను వేరే చిన్న పంజరంలోకి మార్చి, మూడు వైపులా దుప్పటి కప్పండి. ఒక పక్కన, పంజరం బయట, 60 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు పెట్టండి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు, దాంట్లో వెలుగే తప్ప వేడి ఉండదు. బల్బుకూ గుడ్డకూ మధ్య జానెడు ఎడం ఉండాలి. పిట్ట కూర్చునే ఎత్తులో థర్మామీటరు వేలాడదీస్తే 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. రెండో పక్క మాత్రం చల్లగానే వదిలేయండి, దానికి ఎక్కడ హాయిగా ఉంటే అక్కడికి అదే జరుగుతుంది. రెక్కలు ఎడం చేసి నోరు తెరిచి ఒగురుస్తుంటే వేడి ఎక్కువైనట్టే, బల్బు దూరం జరపండి. మే నెల ఎండల్లో అసలు బల్బే అక్కర్లేదు, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా చూస్తే చాలు. కరెంటు పోతే వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి. చల్లారుతుంది కాబట్టి రెండు గంటలకోసారి నీళ్లు మార్చాలి.

పై కర్రలు తీసేసి, ఒక్క కర్రను అడుగుకు రెండంగుళాల ఎత్తులో ఉంచండి. మేత, నీళ్లు ముక్కుకు అందేంత దగ్గరలో పెట్టండి. కొర్ర కంకి దొరికితే అడుగునే పడేయండి, గిన్నెలో గింజలు ముట్టని పిట్ట కూడా కంకిని గీకుతుంది. నోట్లో నీళ్లు, గ్లూకోజు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడితో సరి.

ఇక రెట్ట సంగతి. ఆరోగ్యంగా ఉన్న పిట్ట రెట్టలో మూడు భాగాలుంటాయి: ఆకుపచ్చ లేదా గోధుమరంగు మలం, తెల్లటి సుద్దలాంటి మూత్ర లవణాలు, చుట్టూ కాస్త నీళ్లు. కొంచెంగా, ముదురాకుపచ్చగా పడుతోందంటే కడుపులో తిండి లేదని, పడేది పసరు మాత్రమేనని అర్థం. మీ పిట్ట గింజను కొరికి పొట్టు తీసి కింద పడేస్తోందే తప్ప మింగడం లేదు. అడుగున తెల్ల కాగితం పరిచి చూడండి, ఒలిచిన గింజలు కనిపిస్తాయి. రొమ్ము మధ్య ఎముకను వేలితో తడమండి. రెండు పక్కలా కండ లేక కత్తి అంచులా తగిలితే చాలా రోజులుగా చిక్కిపోతున్నట్టు. బడ్జీ 30 నుంచి 40 గ్రాములుంటుంది. ఒక గ్రాము తేడా చూపే వంటింటి డిజిటల్ తూకం మీద రోజూ పొద్దున్నే, మేత వేయకముందే తూచి రాసుకోండి. ఉన్న బరువులో పదో వంతు తగ్గితే గండమే. బడ్జీకి అది మూడు నాలుగు గ్రాములే కాబట్టి కంటికి ఆనదు.

ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి బయల్దేరండి. మీ జిల్లాలోనే గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి పశువైద్య కళాశాల ఉంది. గాలి ఆడే అట్టపెట్టెలో గుడ్డ పరిచి, ఎండ ముదరకముందే తీసుకెళ్లండి. తాజా రెట్టను పాలిథీన్ కాగితం మీద పట్టి, ఆరకుండా మడిచి తీసుకెళ్తే మైక్రోస్కోపు కింద చూస్తారు. ఎప్పుడూ తింటూనే చిక్కిపోయే బడ్జీల్లో, రెట్టలో అరగని గింజలు పడుతుంటే, జీర్ణకోశంలో మాక్రోరాబ్డస్ అనే ఈస్టు ఉందేమో చూడాలి. దానికి మందు యాంఫోటెరిసిన్-బి. పసుపు పొడి కాదు.

ప్రశ్న: మా బడ్జీ ముక్కు చుట్టూ, కళ్ల దగ్గర తెల్లటి గరుకు పెచ్చులు కట్టాయి. పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్ మందు ఇంట్లో ఉంది. ఒక చుక్క మెడ మీద వేస్తే పోతుందంటున్నారు.
— ఒక పాఠకుడు, శృంగవరపుకోట

జవాబు: మందు పేరు సరైనదే, కొలతే ప్రాణం తీస్తుంది. ఆ పెచ్చులు చర్మంలో సొరంగాలు తవ్వే నిమిడోకాప్టిస్ అనే పురుగు వల్ల వస్తాయి. దగ్గరగా చూస్తే తేనెపట్టులా సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. ఐవర్‌మెక్టిన్ మోతాదు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు. 35 గ్రాముల బడ్జీకి లెక్కేస్తే 0.007 మిల్లీగ్రాములు వస్తుంది. పశువుల సీసాలో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఒక చుక్క 0.05 మిల్లీలీటరు అనుకుంటే అందులో అర మిల్లీగ్రాము, అంటే కావలసినదానికి 70 రెట్లు. వైద్యుడు పలుచన చేసి వేస్తారు, 10 నుంచి 14 రోజుల ఎడంతో మళ్లీ వేస్తారు. అదే పంజరంలో ఉన్న మిగతావాటికీ వేయించాలి. చెక్క కర్రలు పారేసి కొత్తవి పెట్టండి. పెచ్చులను గోటితో గిల్లకండి, రక్తం వస్తుంది.

ప్రశ్న: మా కాకటీల్ పొద్దుతిరుగుడు గింజలు, జీడిపప్పు తప్ప ఏదీ ముట్టదు. తుమ్ములు, ఒక కన్ను వాచింది. నోట్లో తెల్లగా ఏదో కనిపిస్తోంది.
— ఒక పాఠకుడు, పలాస

జవాబు: పలాసలో జీడిపప్పుకు కొదవ లేదు గానీ, చిలకకు అది మిఠాయితో సమానం. ఆ గింజల్లోనూ, పప్పులోనూ కొవ్వే తప్ప ‘ఎ’ విటమిన్ దాదాపు ఉండదు. అది తగ్గితే ముక్కు, నోరు, కళ్ల లోపలి పొర గట్టిపడుతుంది, సూక్ష్మజీవులు సులువుగా చేరతాయి. వాపు, తెల్లటి మచ్చలు అందుకే. ఇప్పటికే ఇన్ఫెక్షన్ ఉన్నట్టుంది కాబట్టి ముందు వైద్యుడికి చూపించండి. మనుషుల విటమిన్ చుక్కలు వేయకండి, ‘ఎ’ విటమిన్ ఎక్కువైనా విషమే.

మేత మార్పు పిట్ట తేరుకున్నాకే మొదలుపెట్టండి. జబ్బులో ఉండగా అలవాటైన గింజలు ఆపితే ఆకలితో చస్తుంది. తేరుకున్నాక పొద్దున్నే, ఆకలి మీద ఉన్నప్పుడు, మునగాకు రెమ్మ, తురిమిన క్యారెట్, ఉడికించిన తియ్యగుమ్మడి, బొప్పాయి పెట్టి రెండు గంటలుంచి తీసేయండి. ఆ తర్వాతే గింజలు. కొర్రలు, సామలు, గంటెలు పెంచుతూ పొద్దుతిరుగుడు తగ్గించుకుంటూ రండి. వారాలు పడుతుంది, కొన్ని మొండివాటికి నెలలు. ఈలోగా కాకటీల్ బరువు పడిపోతోందేమో రోజూ తూచాలి, మామూలుగా 80 నుంచి 110 గ్రాములుంటుంది. వర్షాల్లో చెమ్మ పట్టిన వేరుశెనగ అసలు పెట్టకండి. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని తినేస్తుంది.

ప్రశ్న: ఆడ పిట్ట తోక ఊపుతూ ముక్కుతోంది, వెనక భాగం ఉబ్బింది. గుడ్డు అడ్డం పడిందా? ఆముదం రాయమంటున్నారు.
— ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: అలాగే ఉంది. ఆముదం రాసినా గుడ్డు దగ్గరికి చేరదు, ఈకలు జిడ్డుపట్టి ఒళ్లు చల్లబడుతుంది. పొట్ట నొక్కడం అంతకన్నా ప్రమాదం, లోపల గుడ్డు పగిలితే పిట్ట దక్కదు. పైన చెప్పినట్టే వెచ్చగా, 30 డిగ్రీల దగ్గర ఉంచి, పంజరం పక్కన వేడినీళ్ల గిన్నె పెట్టి గాలిలో తేమ పెంచండి. కొన్ని గంటల్లో గుడ్డు రాకపోయినా, కాళ్లు చచ్చుపడ్డా, ఊపిరికి తోక ఎగిరెగిరి పడుతున్నా ఆగకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లండి, కాల్షియం ఇంజక్షన్ ఇస్తారు. ముఖ్య కారణం కాల్షియం లోటే. మళ్లీ రాకుండా పంజరంలో ఎప్పుడూ కటిల్ బోన్ (కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని తెల్లటి పెంకు) ఉంచండి. సముద్రపు ఒడ్డున ఏరుకున్నదైతే రోజూ నీళ్లు మారుస్తూ వారం నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి వాడాలి. లేకపోతే ఉప్పు దిగదు.

ప్రశ్న: కొత్తగా కొన్న చిలక పది రోజులకే చనిపోయింది. ఇప్పుడు ఇంట్లో ఒకరికి జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు. రెండింటికీ సంబంధం ఉంటుందా?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఉండొచ్చు. ఈరోజే ఆసుపత్రికి వెళ్లి, చిలక చనిపోయిన సంగతి మొట్టమొదట చెప్పండి. అడగకపోతే డాక్టరుకు తట్టకపోవచ్చు. సిటకోసిస్ అనే జబ్బు క్లమిడియా సిటసీ అనే బ్యాక్టీరియా వల్ల చిలకల నుంచి మనుషులకు అంటుతుంది. ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే చాలు. ముదిరితే న్యుమోనియా అవుతుంది. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది.

మిగిలిన పక్షులుంటే వాటినీ పరీక్ష చేయించాలి. తెల్లగా ఉండాల్సిన మూత్ర లవణాలు పసుపుపచ్చగానో లేతాకుపచ్చగానో మారడం ఒక గుర్తు. పక్షులకు ఈ చికిత్స సాధారణంగా 45 రోజులు. పిట్ట హుషారైందని పదో రోజున ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. చికిత్స జరిగినన్నాళ్లూ కటిల్ బోన్ తీసేయాలి, అందులోని కాల్షియం మందును ఒంటికి పట్టనివ్వదు. పంజరం పొడిగా ఊడవకండి. ఎన్-95 మాస్కు పెట్టుకుని, కాగితాన్ని నీళ్లతో తడిపి చుట్టి తీయండి. ఇకముందు కొత్త పక్షిని తెస్తే కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచండి. ఎప్పుడైనా పక్షి చనిపోతే కవరులో కట్టి ఐసు పెట్టెలో పోస్టుమార్టానికి తీసుకెళ్లండి. ఫ్రీజరులో గడ్డకట్టిస్తే కణజాలం పాడై పరీక్షకు పనికిరాదు.

ప్రశ్న: గాలివానకు తాటిచెట్టు తొర్రలోంచి రామచిలుక పిల్ల పడింది. ఈకలు సగమే వచ్చాయి. పెంచుకోవచ్చా?
— ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: కుదరదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచడం నేరం. దెబ్బ తగలకపోతే, తొర్ర అందేలా ఉంటే అందులోనే పెట్టేయండి. మనిషి చేయి తగిలిందని తల్లి వదిలేస్తుందనేది అపోహ. తొర్ర అందకపోతే, పిల్లకు గాయమైతే, అట్టపెట్టెలో వెచ్చగా ఉంచి అటవీశాఖ వారికి అప్పగించండి. ఈలోగా పాలు, పాలలో నానిన రొట్టె పెట్టకండి, పక్షులకు పాలు అరగవు.