ఐదు నిమిషాల్లో వస్తామని రాయకు

చిరంజీవి చిన్నికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు బ్యాంకు పరీక్షల పుస్తకాలు అటక మీద పెట్టేశావని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంది. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్‌లు పనిలో ఉండి ఫోన్ ఎత్తలేనప్పుడు అవతలివాళ్లకు వినపడే నాలుగు మాటలు రాసిస్తావట. "ఇదీ ఒక ఉద్యోగమేనా అక్కా?" అని అడిగింది. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరిన రోజు మా అమ్మ కూడా ఇదే మాట అంది. కాబట్టి మీ అమ్మ సంగతి నాకు వదిలెయ్. ఇంట్లో ఫోన్ మీద బతికే మనిషి మరొకరు తయారవుతున్నందుకు లోలోపల గర్వంగానే ఉంది. గుబులూ ఉంది.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఇరవై సెకన్లు దాటనివ్వకు. వెనక పాట పెట్టకు. పేరు, చేసే పని, వచ్చే ప్రాంతాలు, పని వేళలు చెబితే చాలు. మాట్లాడేది ఆ మెకానిక్ సొంత గొంతే కావాలి. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అనే మాట జోలికి పోకు, అంత ముఖ్యమైతే ఎత్తవచ్చు కదా అనిపిస్తుంది.

చిరునామా చెప్పమంటే మనవాళ్లు ఇంటి నంబరు చెప్పి ఊరుకుంటారు. ఆ నంబరు పట్టుకుని హనుమకొండలో ఇల్లు కనుక్కోవడం ఎవరి వల్లా కాదు. గుడో, చౌరస్తానో, నీళ్ల ట్యాంకో ఏదో ఒక గుర్తు చెప్పమని అడుగు. ఇంకో ఫోన్ నంబరు ఇవ్వాల్సి వస్తే అంకె అంకెగా, రెండుసార్లు చెప్పించు. లైను గరగరలాడుతుంటే ఎనభై, తొంభై ఒక్కలాగే వినపడతాయి.

ఇక అసలు సంగతి. 2023 జూలై చివరి వానలప్పుడు నువ్వు హైదరాబాద్ హాస్టల్లో ఉన్నావు. నీకు దిగులెందుకని మేం పూర్తిగా చెప్పలేదు. నయీంనగర్ నాలా పొంగి మా కింది గదిలోకి మడమల దాకా నీళ్లొచ్చాయి. వరండాలో బోరు మోటారు స్టార్టర్ పెట్టె చిటపటలాడుతోంది. మీ పెద్దనాన్న మెట్ల మీద నిలబడి మా ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశారు. పనిలో వంక పెట్టలేని మనిషి అతను. ఫోన్లో ఎవరో ఆడపిల్ల తియ్యగా పలికింది: "ఐదు నిమిషాల్లో మా మనిషి మీ ఇంటి ముందుంటాడు."

ఆ ఒక్క మాటతో మేం కట్టుబడిపోయాం. కరెంటు వాళ్ల 1912కు చేద్దామని నేనంటే, "మనవాడు వస్తానన్నాడు కదా, ఆగు" అన్నారు. వేరే మెకానిక్‌ను పిలుద్దామంటే, "ఇద్దరూ వస్తే బాగుండదు" అన్నారు. మొహమాటం చూడు! నీళ్లు ఒక మెట్టు ఎక్కాయి. చివరికి విసుగెత్తి, తానే మెయిన్ ఆపేస్తానని లుంగీ ఎగ్గట్టి నీళ్లలోకి కాలు చాపారు. పక్కింటి కుర్రాడు డాబా మీదుగా వచ్చి, వెనక నుంచి చంకల్లో చేతులేసి పైకి లాగాడు. 1912కు ఫోన్ చేసిందీ అతనే. కాసేపటికి లైను ఆపారు.

నీళ్లు తీశాక ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఆ రోజు అత్తగారి ఊరు వెళ్లి కరీంనగర్‌లో చిక్కుకుపోయాడట. ఫోన్లో ఏం వినపడిందో చెబితే నోరెళ్లబెట్టాడు. "ఎవరో రాసి, రికార్డు చేసి పెట్టారమ్మా. అందులో ఏముందో నేనెప్పుడూ వినలేదు" అన్నాడు. నిజమే, తన నంబరుకు తనే ఫోన్ చేసుకునేవాడు ఎవడుంటాడు? అతని మీద కోపం అప్పుడే పోయింది. రాసినవాళ్ల మీద మాత్రం ఇప్పటికీ పోలేదు. వాళ్లెవరో తెలియదు. నీలాగే చదువుకుని, తీయగా రాయగల పిల్ల ఎవరో అయి ఉంటుంది.

ఎక్స్ఛేంజిలో వేరే ఊరికి మాట్లాడటానికి ట్రంక్ కాల్ బుక్ చేసినవాళ్లు బల్ల మీద కూర్చుని ఎదురుచూసేవాళ్లు. గంట పడుతుందని చెబితే వెళ్లి భోంచేసి వచ్చేవాళ్లు. "ఇప్పుడే వస్తుంది" అంటే మంచినీళ్లకు కూడా లేచేవాళ్లు కాదు. ఆలస్యం అవుతుందని వింటే మనిషి ఇంకో దారి వెతుక్కుంటాడు చిన్నీ. "వెంటనే" అని వింటే వెతకడం మానేస్తాడు. అందుకని నిమిషాల లెక్క రాయకు. "సాయంత్రం ఆరు లోపల నేనే ఫోన్ చేస్తాను, తొందరైతే ఇంకొకరిని పిలవండి" అని రాయి. అలా చెబితే బేరం పోతుందని మెకానిక్ గొణుగుతాడు. గొణగనీ. చెప్పిన వేళకు ఫోన్ చేసేవాణ్ని జనం వదులుకోరు.

ఎలక్ట్రీషియన్ మెసేజ్‌లో, పేరు కంటే ముందే, తడి నేల మీద నిలబడి స్విచ్ ముట్టుకోవద్దని, 1912కు చెప్పమని ఉండాలి. గ్యాస్ స్టవ్ బాగుచేసేవాడికైతే లీకేజీ నంబరు 1906. రికార్డు చేశాక వేరే ఫోన్ నుంచి చేయించి, అతను తన చెవులతో విన్నాకే డబ్బులు తీసుకో. సగం మాత్రం ముందే తీసుకో, అక్కడ నీ మొహమాటం పనికిరాదు.

మేడారం జాతరకు వెళ్లేవాళ్లు "కుటుంబంతో సహా వెళ్తున్నాం" అని పెట్టమంటారు. ఒప్పుకోకు. ఇంట్లో ఎవరూ లేరని దొంగలకు మనమే కబురు పెట్టినట్టవుతుంది. పని ఏ తేదీన మొదలవుతుందో చెబితే చాలు. తిరిగొచ్చిన రోజే ఆ మెసేజ్ తీయించు.

బీప్ తర్వాత మాట్లాడమంటే మన దగ్గర చాలామంది ఫోన్ పెట్టేస్తారు, మిస్డ్ కాల్ అలవాటు కదా. అవే మాటలు వాట్సాప్ బిజినెస్‌లో కూడా పెట్టించు. పని వేళలు దాటాక దానంతటదే వెళ్లేట్టు పెట్టుకోవచ్చని మీ అన్న చూపించాడు.

మొదటిది రాయగానే నాకు ఫోన్లో చదివి వినిపించు. మధ్యాహ్నం రెండింటికి చెయ్యి, అప్పుడు మీ పెద్దనాన్న పడుకుని ఉంటారు. వానల సంగతి నీకు రాశానని తెలిస్తే గొడవ చేస్తారు. బ్యాంకు పరీక్ష ఫీజు ఎలాగూ కట్టావు కాబట్టి వెళ్లి రాసిరా, మీ అమ్మ కోసం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ