జెట్ బండి కట్టబోతున్న మా తమ్ముడి కొడుక్కి

ఒంగోలు

చిరంజీవి నాయనకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన చాసిస్ (బండి అడుగు చట్రం) బొమ్మా అందాయి. ఇంజను కోసం డబ్బు కూడబెట్టానని, సంక్రాంతికల్లా రిమోట్ బండిని గంటకు వంద కిలోమీటర్లు దాటించాలని వ్రాశావు. సంతోషం. అయితే ఆరు పేజీల ఉత్తరంలో బ్రేకుల ప్రస్తావన ఒక్క వాక్యమే, అదీ చిట్టచివర. ఆ ఒక్క వాక్యం చూసే ఈ జాబు వ్రాస్తున్నాను.

మామూలు బండిలో యాక్సిలరేటరు వదిలితే ఇంజనే బండిని కొంత పట్టి ఉంచుతుంది. జెట్ బండిలో చక్రాలకూ ఇంజనుకూ ఏ సంబంధమూ లేదు. వెనక్కి చిమ్మే గాలి బండిని ముందుకు నెడుతుంది, అంతే. నీవు రిమోట్ మీది స్టిక్ కిందికి దించినా, నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతున్న టర్బైను (ఇంజను లోపలి రెక్కల చక్రం) నెమ్మదించడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అంతసేపూ నెట్టుతూనే ఉంటుంది. ఐడిల్‌లో, అంటే అతి తక్కువ వేగంలో కూడా ముప్పై వేల పైచిలుకు చుట్లు తిరుగుతుంది కనుక బ్రేకు లేని బండి నిలిచినచోట నిలవదు. నీ లెక్కలే తీసుకుందాం. ఆరు కిలోల థ్రస్ట్ (ఇంజను నెట్టే బలం), పది కిలోల బండి. ఎదురుగాలి అడ్డును పక్కన పెడితే ఐదు సెకన్లలోపే, అరవై అయిదు మీటర్ల దూరంలోనే వంద అందుకుంటుంది. అప్పుడది సెకనుకు 28 మీటర్లు పోతుంటుంది. నీవు రెండు సెకన్లు తడబడితే 56 మీటర్లు పోయాయి; ఆపైన చిన్న చక్రాల బ్రేకులు బాగా పట్టినా ఆగడానికి మరో వంద మీటర్లయినా కావాలి. వేగం రెట్టింపయితే ఆ వంద, నాలుగు వందలవుతుంది.

కాబట్టి ఇంజను కొనే ముందు బ్రేకులు కట్టు. వాటికి విడిగా ఒక సర్వో (బ్రేకును లాగే చిన్న మోటారు) పెట్టు, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవరుకు విడిగా బ్యాటరీ ఇవ్వు. సిగ్నల్ పోయినప్పుడు ఇంజను ఆగి, బ్రేకులు పడేటట్లు రిసీవరులో ఫెయిల్‌సేఫ్ అమర్చు. అమర్చానని నమ్మి ఊరుకోవద్దు. బండిని చెక్క దిమ్మెల మీద ఎత్తి, నీ చేతిలోని ట్రాన్స్‌మిటర్ స్విచ్ ఆపి, సర్వో కదిలి బ్రేకు పట్టిందో లేదో కళ్లారా చూడు. బండిని మైదానానికి తీసుకుపోయిన ప్రతిసారీ, మొదటి పరుగుకు ముందు ఈ పని చేయవలసిందే.

చాసిస్ విషయంలో నీకు మన జిల్లాయే ఒక మేలు చేసింది. చీమకుర్తిలో పాలిష్ పట్టిన గ్రానైటు పలక, అంచు విరిగినదైనా సరే, ఒకటి సంపాదించు. దాని మీద ఉక్కు స్కేలును నిలువుగా ఆనించి, వెనుక నుంచి దీపం చూపి, స్కేలు కింద వెలుతురు సందు కనిపించని చోటును ఎంచుకో. ఆ చోట బండిని నిలిపి నాలుగు చక్రాలూ ఆనుతున్నాయా, ముందు చక్రాలు సమానంగా ఉన్నాయా సరిచూడు. ఒక చక్రం కింద కాగితం దూరి, ఇంకొకదాని కింద దూరకపోతే చాసిస్ మెలితిరిగిందన్నమాట. ఆ మెలిక నడకలో తెలియదు గానీ, వంద దగ్గర బండిని పక్కకు లాగేస్తుంది. పది సెంటీమీటర్ల చక్రం ఆ వేగంలో నిమిషానికి దాదాపు 5,300 చుట్లు తిరుగుతుంది, మెత్తటి రబ్బరు టైరయితే ఉబ్బి రిమ్ము నుంచి ఊడుతుంది. ఇంధనం ఖర్చయ్యే కొద్దీ బరువు ముందుకో వెనక్కో మారకుండా ట్యాంకును బండి బరువు మధ్యలో ఉంచు. పరుగులో ఇంధనం వెనక్కి పోతుంది, బ్రేకు వేయగానే ముందుకు ఉరుకుతుంది. ఆ క్షణంలో గొట్టం గాలి పీల్చితే ఇంజనులో మంట ఆరిపోతుంది. అందుకే పెద్ద ట్యాంకుకూ పంపుకూ మధ్య ఎప్పుడూ నిండుగా ఉండే చిన్న ట్యాంకు ఒకటి అవసరం.

ఇంధనం కిరసనాయిలే. అందులో 5 శాతం, అంటే లీటరుకు 50 మిల్లీలీటర్లు, టర్బైన్ ఆయిల్ కలపాలి, ఎందుకంటే ఆ బేరింగులకు వేరే నూనె లేదు, ఇంధనమే నూనె. డీజిల్ పంపుల షాపులో బతుకంతా గడిపినవాణ్ణి కనుక చెబుతున్నాను, ఫిల్టరు దగ్గర పొదుపు చేయవద్దు. నా మొదటి ఇంజనుకు నేను చేసిన ద్రోహం అదే. డబ్బా మూతకు రంధ్రం వేసినప్పుడు రాలిన ప్లాస్టిక్ రజను గొట్టంలో ఇరుక్కుని మంట ఆరిపోయింది. లోపల చేరిన ఇంధనాన్ని వంపి ఒలకబోయకుండా వెంటనే మళ్లీ స్టార్టు చేశాను. వెనుక గొట్టంలోంచి నా మోచేయంత మంట లేచింది. కంగారులో చేతికందిన పొడి సిలిండరు కొట్టాను. మంట ఆరింది, ఆ పొడి లోపలికి పోయి ఇంజనూ పాడయింది. దగ్గర ఉండవలసింది కార్బన్ డయాక్సైడ్ సిలిండరు. దాన్ని పట్టుకునే మనిషికి వేరే పని ఏదీ చెప్పవద్దు. టర్బైను చక్రం పగిలితే ముక్కలు పక్కలకు ఎగురుతాయి కనుక ఇంజనుకు సరిగ్గా పక్కన ఎవరినీ నిలబడనీయవద్దు, వెనుక సంగతి చెప్పనక్కరలేదు. ఇంజను ఆపాక స్టార్టరు దాన్ని తిప్పి చల్లబరుస్తుంది. వేడి వంద డిగ్రీలకు దిగేదాకా బ్యాటరీ పీకవద్దు.

కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద విమానాల కోసం వేసిన సిమెంటు పట్టీ మీద నడుపుతానన్నావు. ఆ మాట మీ నాన్న చదవకుండా దాచాను. నీకు కావలసింది అమ్ముడుపోని వెంచరులో వేసిన నిటారైన సిమెంటు రోడ్డు, దాని యజమాని అనుమతి. కోతల కాలంలో ఆ రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, ఎత్తిన తర్వాత కూడా గింజలు మిగులుతాయి. ఒక్క గింజ లోపలికి పోతే గాలిని కుదించే కంప్రెసర్ రెక్క వంగుతుంది. ముందు చీపురు పట్టి ఊడ్పించు, ఇంజను మూతికి జాలీ బిగించు.

మన ఎండలో పలచబడిన గాలికి థ్రస్ట్ తగ్గుతుంది, ఇంజను వేడీ పెరుగుతుంది. పొద్దెక్కితే సముద్రపు గాలి మొదలవుతుంది. కనుక తెల్లవారి ఆరు గంటలకే పని మొదలుపెట్టు. వేగం కొలిచేటప్పుడు అటూ ఇటూ రెండు పరుగులు తీసి సగటు చూడు. 1997 అక్టోబరు 15న అమెరికా ఎడారిలో ఆండీ గ్రీన్ థ్రస్ట్ ఎస్‌ఎస్‌సీ కారుతో గంటకు 1,227.985 కిలోమీటర్ల రికార్డు పెట్టినప్పుడూ, గంటలోపల ఎదురెదురుగా తీసిన రెండు పరుగుల సగటునే లెక్కించారు. గాలి తోడుతో వచ్చిన ఒక్క పరుగు అంకె పట్టుకుని నాకు ఫోను చేయవద్దు.

దసరాకు వచ్చేటప్పుడు ఇంజను లేకుండా బండి మాత్రం పట్టుకు రా. ఇంజను బరువుకు సరిపడా ఇసుక మూట కట్టి, మా వీధి చివరి దిగుడులో వదిలి, బ్రేకుతో ఎన్ని అడుగుల్లో ఆగుతుందో టేపు పెట్టి కొలుద్దాం. నా గ్రానైటు పలక షెడ్డులోనే ఉంది, మీ పెద్దమ్మ దాని మీద వడియాలు పెట్టక ముందే రా.

ఆశీస్సులతో,
పెదనాన్న