సమాధానం: ఖిలా వరంగల్ తోరణం ఫొటోలో ఆకాశం తెల్లగా పోతోంది

ఫోకస్ కోసం తోరణం మీద ట్యాప్ చేసి ఉంటారు, అదే కారణం. నల్లరాయికి తగ్గట్టు ఫోన్ వెలుతురు పెంచేసరికి సాయంత్రపు ఆకాశం తెల్ల కాగితమైంది. స్నాప్‌సీడ్ అనే ఫొటో ఎడిటింగ్ యాప్‌లో హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) ఎంత తగ్గించినా రంగు రావడం లేదన్నారు. రాదండీ. పూర్తిగా తెల్లబడిన చోట వెనక్కి తేవడానికి ఏమీ మిగలదు, బూడిద రంగే వస్తుంది. ఆ ఫొటో వదిలేసి మళ్లీ తీయండి.

1. లెన్స్ తుడవండి. జేబులో ఉన్న ఫోన్‌కి వేలిముద్రల జిడ్డు ఖాయం.

2. తోరణానికి తూర్పున నిలబడి పడమటికి చూడండి. సూర్యుణ్ని స్తంభం చాటుకు రానివ్వండి.

3. చాలామంది వదిలేసేది ఇదే. ఆకాశం మీద ట్యాప్ చేసి వదిలేయకండి, లాక్ గుర్తు వచ్చేదాకా వేలు నొక్కి ఉంచండి. ఆ తర్వాత పక్కన కనిపించే సూర్యుడి బొమ్మను కిందికి లాగండి, మబ్బుల అంచులు విడివిడిగా కనిపించేదాకా. లాక్ లేకపోతే ఫోన్ కాస్త కదిలినా వెలుతురు మళ్లీ మారిపోతుంది. స్క్రీన్ మీద తోరణం నల్లగా కనిపిస్తుంది, టెన్షన్ పడకండి.

4. స్నాప్‌సీడ్‌లో ట్యూన్ ఇమేజ్ తెరిచి షాడోస్ (చీకటి భాగాల వెలుతురు) కొంచెం పెంచండి, +30 దాటితే రాయి మీద గింజల్లాంటి చుక్కలు తేలతాయి. తర్వాత సెలెక్టివ్ టూల్‌తో ఆకాశం మీద చుక్క పెట్టి శాచురేషన్ (రంగు గాఢత) +15 చేయండి.

నన్నడిగితే షాడోస్ కూడా ముట్టుకోను. ఆ తోరణం నల్లటి నీడగా ఉంటేనే అందం.